మెయింటెనెన్స్, విశ్వసనీయత రంగంలో వృత్తి ధ్రువపత్రాలు: ఒక పోలిక

ఈ పాఠ్యభాగం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ దగ్గరున్న చదువు, వృత్తి కాగితాలన్నీ ఫైలులోంచి తీసి బల్ల మీద పరచండి. పదో తరగతి మార్కుల జాబితా, ఐటీఐ లేదా పాలిటెక్నిక్ పత్రం, అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసినట్లు ఇచ్చినది, కంపెనీలో రెండు రోజుల భద్రతా శిక్షణకు ఇచ్చిన రంగుల కాగితం, ఆన్‌లైన్ కోర్సు ముగిశాక డౌన్‌లోడ్ చేసుకున్నది, ఏవి ఉంటే అవి. వీటన్నిటినీ మనం ‘సర్టిఫికెట్’ అనే ఒకే మాటతో పిలుస్తాం. చిక్కంతా అక్కడే ఉంది. వీటిలో ఒకటి జీవితాంతం మీదే. ఇంకొకటి మీరు ఆ కంపెనీ వదిలిన రోజుతో ముగిసిపోతుంది. మరొకటి ఆరు నెలలు పని చేయకపోతే చెల్లదు. చూడటానికి మాత్రం అన్నిటి మీదా ముద్ర ఉంటుంది, సంతకం ఉంటుంది.

ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది అభ్యర్థే. ఒక ఎన్‌డీటీ కోర్సుకో, వైబ్రేషన్ కోర్సుకో ఫీజు కట్టడానికి అప్పు చేసే కుటుంబాలు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. తీరా షట్‌డౌన్ పనికి వెళ్తే, ఆ కాగితం ఇక్కడ పనికిరాదని గేటు దగ్గరే చెబుతారు. కాబట్టి ఈ పాఠంలో ధ్రువపత్రాల పేర్లు బట్టీ పట్టడం కన్నా, ఏ కాగితాన్ని ఎలా చదవాలో నేర్చుకోవడం ముఖ్యం.

మాటల విషయంలో ఒక వివరణ. పాత పాఠ్యపుస్తకాల్లో మెయింటెనెన్స్‌కు ‘నిర్వహణ’ అని రాసేవారు. మేనేజ్‌మెంట్‌కూ అదే మాట వాడతాం కనుక ‘నిర్వహణ విభాగం’ అంటే ఏ విభాగమో తెలియదు. కర్మాగారంలో మెయింటెనెన్స్ అనే అంటారు, ఇక్కడా అదే వాడుతున్నాను. రిలయబిలిటీకి ‘విశ్వసనీయత’ బాగానే స్థిరపడింది. ఒక యంత్రం నిర్ణీత పరిస్థితుల్లో, నిర్ణీత కాలం పాటు, చెడిపోకుండా తన పని చేసే సంభావ్యతను విశ్వసనీయత అంటాం.

ఒక పంపు, ఏడుగురు మనుషులు

థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలర్‌కు నీరు అందించే ఫీడ్ పంపును ఊహించుకోండి. బేరింగు వేడెక్కుతోంది, పంపు మామూలు కన్నా ఎక్కువగా అదురుతోంది. షట్‌డౌన్‌లో దాన్ని విప్పారు. ఫిట్టర్ కప్లింగ్ విప్పి, బేరింగు మార్చి, మోటారుతో అలైన్‌మెంట్ సరిచేస్తారు. డిశ్చార్జి పైపులో తుప్పు పట్టిన ముక్క కోసి కొత్తది అతకాలి, అది వెల్డర్ పని. ఆ అతుకు లోపల పగుళ్లు, గాలి బుడగలు ఉన్నాయేమో రేడియోగ్రఫీతోనో అల్ట్రాసోనిక్ పరికరంతోనో చూసేది ఎన్‌డీటీ టెక్నీషియన్. మోటారు కనెక్షన్లు చూసేది ఎలక్ట్రీషియన్. పంపు మళ్లీ నడిచాక ప్రకంపనలు కొలిచి, లోపం బేరింగులో ఉందా, అలైన్‌మెంట్‌లో ఉందా అని చెప్పేది వైబ్రేషన్ అనలిస్ట్. బాయిలర్‌ను తిరిగి ఒత్తిడికి తెచ్చేది బాయిలర్ ఆపరేషన్ సిబ్బంది. ఈ పంపు ఏడాదికి మూడుసార్లు ఎందుకు ఆగుతోంది, ఈ ఖర్చుకు అంతు ఎక్కడ అని ఆలోచించేది విశ్వసనీయత ఇంజనీరు.

ఏడుగురి దగ్గరా కాగితాలున్నాయి. ప్రతి కాగితాన్నీ మూడు ప్రశ్నలు అడగండి. దీన్ని ఎవరు ఇచ్చారు? దేన్ని పరీక్షించి ఇచ్చారు? ఏం జరిగితే ఇది చెల్లకుండా పోతుంది? మూడో ప్రశ్నను మన విద్యార్థులు ఎప్పుడూ అడగరు. మిగిలిన రెండింటి కన్నా ఎక్కువ సంగతులు బయటపెట్టేది అదే.

చట్టం అడిగే కాగితం

బాయిలర్ ఆపరేషన్ సిబ్బంది దగ్గరున్నది లైసెన్సు తరహా పత్రం. అర్హత పత్రం ఉన్న మనిషి బాధ్యతలో లేకుండా బాయిలర్‌ను నడపడం చట్టవిరుద్ధం. 1923 నాటి భారత బాయిలర్ల చట్టం ఈ పద్ధతిని నిలబెట్టింది. దాని స్థానంలో 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది. బాయిలర్ అటెండెంట్లలో మొదటి తరగతి, రెండో తరగతి ఉంటాయి. పెద్ద బాయిలర్లకు బాయిలర్ ఆపరేషన్ ఇంజనీరు కావాలి. రాష్ట్ర స్థాయి పరీక్షా మండలి పరీక్షించి ఈ పత్రాలు ఇస్తుంది. విద్యుత్ పనులకూ ఇంతే. వైర్‌మన్ పర్మిట్, సూపర్‌వైజర్ సామర్థ్య పత్రం ఇచ్చేది రాష్ట్ర విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు.

లైసెన్సు ఉన్నవారంతా గొప్ప పనిమంతులని చట్టం అనదు. కనీస స్థాయి దాటని వారు ప్రమాదకరమైన పరికరాన్ని తాకకూడదన్నదే దాని ఉద్దేశం. అందుకే జీతం పెరగడానికి లైసెన్సు ఒక్కటే చాలదు. అది లేకపోతే మాత్రం కొన్ని ఉద్యోగాలకు దరఖాస్తే పెట్టలేరు. బాయిలర్ విభాగంలో పనిచేస్తున్న డిప్లొమా, డిగ్రీ ఇంజనీర్లు ఆపరేషన్ ఇంజనీరు పరీక్షను వాయిదా వేస్తూ పోవడం నేను తరచుగా చూశాను. విదేశీ ధ్రువపత్రాల మోజులో ఇంటి దగ్గరున్న పరీక్షను వదులుకోవడం తెలివైన పని కాదు.

జపాన్‌లో మరో ఏర్పాటు ఉంది. అక్కడ ‘యంత్రాల మెయింటెనెన్స్’ అనే నైపుణ్యానికి ప్రభుత్వ గుర్తింపు పరీక్ష ఉంది. ఉత్తీర్ణులు కానివారు ఆ పని చేయడానికి అడ్డు లేదు. అయితే ఆ నైపుణ్య బిరుదును తమ పేరుతో చెప్పుకోవడానికి వీల్లేదు. లైసెన్సు పనిని కాపాడితే, ఇది బిరుదును కాపాడుతుంది.

ట్రేడు చదువు

ఫిట్టర్ దగ్గరున్నది ఐటీఐలో రెండేళ్లు చదివి పొందిన జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్. 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద కర్మాగారంలో శిక్షణ పొంది పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ కూడా ఉంటుంది. డిప్లొమా, డిగ్రీ కూడా ఈ కోవలోవే. ఇవి విద్యార్హతలు. వీటికి గడువు తేదీ ఉండదు. ముప్పై ఏళ్ల క్రితం పాసైనా పాసైనట్లే. వీటి బలమూ బలహీనతా అదే. మీరు ఒకప్పుడు నేర్చుకున్నారని చెబుతాయి గానీ, ఇప్పటికీ చేయగలరని చెప్పవు.

విజయవాడ ఆటోనగర్ షెడ్లలో పదిహేనేళ్లుగా ఇంజన్లు విప్పి బిగిస్తున్న మెకానిక్‌కు చేతిలో పని ఉంటుంది, చేతికి కాగితం ఉండదు. అలాంటివారి కోసం వచ్చినదే పూర్వ అభ్యసన గుర్తింపు అనే పద్ధతి. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో దీన్ని కూడా చేర్చారు. వచ్చిన పనిని అంచనా వేసి జాతీయ నైపుణ్య అర్హతల చట్రంలో ఒక స్థాయికి ధ్రువపత్రం ఇస్తారు. మీ ఇంట్లో, మీ వీధిలో అలాంటి పనివారుంటే ఈ సంగతి చెప్పండి. అయితే ఇది రెండేళ్ల ఐటీఐకి సమానమని ఎవరైనా అంటే నమ్మవద్దు. రెండూ ఇచ్చే అవకాశాలు వేరు.

యజమాని పేరు మీద నిలిచే ధ్రువీకరణ

ఇప్పుడు వెల్డర్ దగ్గరికి, ఎన్‌డీటీ టెక్నీషియన్ దగ్గరికి వద్దాం. ఈ పాఠంలో నిదానంగా చదవవలసిన భాగం ఇదే.

అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం, అంటే ఏఎస్ఎంఈ, రూపొందించిన నియమావళిలో తొమ్మిదో విభాగం వెల్డర్ల అర్హత గురించి చెబుతుంది. మన దేశంలోనూ చాలా ప్రాజెక్టులు దాన్ని పాటిస్తాయి. దాని ప్రకారం వెల్డర్‌ను పరీక్షించి, అర్హుడని రాసిపెట్టే బాధ్యత పని చేయించే సంస్థదే. అర్హత కూడా మొత్తం వెల్డింగ్‌కు ఉండదు. ఫలానా ప్రక్రియకు, ఫలానా భంగిమకు, ఫలానా మందం వరకు అని ఉంటుంది. ఆ ప్రక్రియతో ఆరు నెలలు వెల్డింగ్ చేయకపోతే ఆ ప్రక్రియకు ఉన్న అర్హత ముగిసిపోతుంది. పదేళ్ల అనుభవం ఉన్న వెల్డర్ ఏడాది పాటు సొంతూళ్లో వ్యవసాయం చూసుకుని తిరిగి వస్తే మళ్లీ పరీక్ష ముక్క అతికి చూపించాలి. ఇది అవమానమేమీ కాదు. చేయి పని మరచిపోతుందన్న వాస్తవాన్ని ఆ నియమం గుర్తించింది. మన ఉదాహరణలోని ఫీడ్ పైపు బాయిలర్ నిబంధనల కిందికి వస్తుంది కనుక, అక్కడ పనిచేసే వెల్డర్‌కు భారతీయ బాయిలర్ నిబంధనల ప్రకారం పొందిన అర్హత పత్రం కూడా కావాలి. గల్ఫ్ దేశాలకు వెళ్లే మన వెల్డర్లను అక్కడ మళ్లీ ట్రేడ్ టెస్టుకు నిలబెట్టడానికి కూడా కారణం ఇదే. పాత కంపెనీ మాట కొత్త కంపెనీని కట్టిపడేయదు.

ఎన్‌డీటీ అంటే వస్తువును పాడుచేయకుండా దాని లోపాలను కనిపెట్టే పరీక్ష. ఇందులో సిబ్బంది మూడు స్థాయిల్లో ఉంటారు. రాసి ఇచ్చిన సూచనల ప్రకారం పరీక్ష చేసేవారు మొదటి స్థాయి. పరికరాన్ని సరిచేసుకుని, ఫలితాన్ని చదివి, ఇది లోపమా కాదా అని తేల్చేవారు రెండో స్థాయి. పరీక్షా విధానాన్నే రూపొందించి, మిగిలినవారికి శిక్షణ, పరీక్ష నిర్వహించగలిగినవారు మూడో స్థాయి. ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేది ‘లెవెల్ 2’. శిక్షణ కేంద్రాల వ్యాపారమూ దాని చుట్టూనే తిరుగుతుంది.

అమెరికా నాన్‌డిస్ట్రక్టివ్ టెస్టింగ్ సంఘం, ఏఎస్ఎన్‌టీ, 1966లో ఎస్ఎన్‌టీ-టీసీ-1ఏ అనే పత్రాన్ని ప్రచురించింది. దాన్ని ‘సిఫారసు చేసిన పద్ధతి’ అంటారు. ప్రతి యజమానీ తన సంస్థకు ఒక లిఖిత విధానం తయారుచేసుకుని, దాని ప్రకారం తన ఉద్యోగులకు శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, అనుభవం చూసి ధ్రువీకరించాలన్నది దాని సారాంశం. దగ్గరి చూపును ఏటా పరీక్షించాలని కూడా అడుగుతుంది. శిక్షణను, పరీక్షను బయటివారికి అప్పగించవచ్చు. ధ్రువీకరణ బాధ్యత మాత్రం యజమానిదే. ఉద్యోగి ఆ సంస్థ వదిలితే ధ్రువీకరణ రద్దయినట్లే.

దీన్నిబట్టి ఒక ప్రకటనను చదువుదాం. ‘పదిహేను రోజుల్లో ఏఎస్ఎన్‌టీ లెవెల్ 2 సర్టిఫికెట్’ అని గోడ మీద రాసి ఉంది. ఆ కేంద్రం మీ యజమాని కాదు. ఎస్ఎన్‌టీ-టీసీ-1ఏ ప్రకారం ఇచ్చే కాగితం ఏఎస్ఎన్‌టీ ఇచ్చినది కూడా కాదు. ఆ సంఘం తానే పరీక్ష పెట్టి ఇచ్చే ధ్రువపత్రాలు వేరే ఉన్నాయి, వాటిలో బాగా తెలిసినది లెవెల్ 3. అయితే ఆ కేంద్రంలో మీకు దొరికేదేమిటి? శిక్షణ గంటలకు, రాసిన పరీక్షకు ఒక రుజువు. రేపు మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకునే సంస్థ ఆ రుజువును లెక్కలోకి తీసుకుని, మీ అనుభవాన్ని చేర్చి, తన పేరు మీద ధ్రువీకరించవచ్చు. అంటే ఆ కాగితానికి విలువ లేదనలేం. దాని విలువ ప్రకటనలో చెప్పినంత లేదు, అంతే. ఫీజు కట్టే ముందు ఈ రెండింటి మధ్య దూరం తెలిసి ఉండాలి.

బయటి సంస్థ ఇచ్చే ధ్రువీకరణ

యజమాని తన ఉద్యోగిని తానే ధ్రువీకరించుకోవడంలో ఒక ఇబ్బంది ఉంది. షట్‌డౌన్ గడువు ముంచుకొస్తున్నప్పుడు పరీక్ష కాస్త మెత్తబడవచ్చు. అందుకే ఐఎస్ఓ 9712 అనే ప్రమాణం మరో దారి చెబుతుంది. యజమానితో సంబంధం లేని సంస్థ పరీక్షించి ధ్రువీకరిస్తుంది. అది ఐదేళ్లు చెల్లుతుంది. ఉద్యోగం మారినా మీతోనే వస్తుంది. మన దేశంలో ఎన్‌డీటీ సిబ్బంది అర్హతకు ఐఎస్ 13805 అనే భారతీయ ప్రమాణం ఉంది. అయితే ఐఎస్ఓ 9712 కూడా ఒక గీత గీసింది. బయటి సంస్థ ‘ఈ మనిషికి సామర్థ్యం ఉంది’ అని మాత్రమే అంటుంది. ‘ఈ పైపు మీద ఈ పని చేయవచ్చు’ అనే అనుమతి ఇవ్వవలసింది యజమానే.

ధ్రువీకరించే సంస్థను ఎవరు తనిఖీ చేస్తారు? దానికి ఐఎస్ఓ/ఐఈసీ 17024 అనే ప్రమాణం ఉంది. వ్యక్తులను ధ్రువీకరించే సంస్థ ఎంత నిష్పాక్షికంగా ఉండాలో, పరీక్షను ఎలా భద్రపరచాలో, కొంతకాలానికి మళ్లీ ఎలా సరిచూడాలో అది చెబుతుంది. మన దేశంలో ఈ ప్రమాణం ప్రకారం గుర్తింపు ఇచ్చేది ఎన్ఏబీసీబీ అనే జాతీయ మండలి. 17024లో మనకు బాగా పనికొచ్చే నియమం ఒకటుంది. ఫలానా శిక్షణ తీసుకుంటే ధ్రువపత్రం సులువుగా, చవకగా వస్తుందని ధ్రువీకరణ సంస్థ చెప్పకూడదు, సూచించనూ కూడదు. ‘మా దగ్గరే కోర్సు చేయండి, పరీక్ష సంగతి మేం చూసుకుంటాం’ అని ఎవరైనా అంటే, ఆ మాటతోనే వారి స్థాయి మీకు తెలిసిపోవాలి.

ఐఎస్ఓ గురించి ఇంకో మాట. ఐఎస్ఓ ప్రమాణాలు రాస్తుంది, అంతవరకే. ఏ వ్యక్తికీ, ఏ కంపెనీకీ అది ధ్రువపత్రం ఇవ్వదు. ‘ఐఎస్ఓ వారు ఇచ్చిన వైబ్రేషన్ సర్టిఫికెట్’ అంటూ ఏదీ లేదు. ఐఎస్ఓ 18436 ప్రకారం ఫలానా సంస్థ ఇచ్చినది అని ఉండాలి.

మన పంపు దగ్గర ప్రకంపనలు కొలిచేవారికి వర్తించేది ఈ 18436లోని రెండో భాగం. ఇందులో నాలుగు తరగతులున్నాయి. మొదటి తరగతి వారు నిర్ణయించిన వరుసలో యంత్రాల దగ్గరికి వెళ్లి కొలతలు సేకరిస్తారు, హెచ్చరిక స్థాయి దాటితే గుర్తిస్తారు. రెండో తరగతి వారు మామూలు లోపాలను నిర్ధారించగలరు. మూడో తరగతి వారు ఒక ప్లాంటుకు మొత్తం కార్యక్రమాన్ని రూపొందించగలరు. నాలుగోది రోటార్ గతిశాస్త్రం దాకా వెళ్లినవారిది. శిక్షణ గంటలు వరుసగా 30, 38, 38, 64. అనుభవం 6, 18, 36, 60 నెలలు. కాలేజీ డిగ్రీ తప్పనిసరి కాదు. ఈ అంకెలు చూస్తే వారం రోజుల కోర్సుతో మీరు పూర్తిచేసేది శిక్షణ భాగమేనని, ఐదేళ్ల అనుభవం కొనుక్కోవడానికి దొరకదని అర్థమవుతుంది. వైబ్రేషన్ ఇన్‌స్టిట్యూట్, మోబియస్ ఇన్‌స్టిట్యూట్ ఈ పరీక్షలకు పేరున్న సంస్థలు. నూనె, గ్రీజు పనికి అంతర్జాతీయ యంత్ర కందెనల మండలి, ఐసీఎంఎల్, ఇలాంటి పరీక్షలే నిర్వహిస్తుంది. కందెన అంటే మీకు చిన్నచూపు ఉంటే అది పోగొట్టుకోండి. తప్పు గ్రీజు, ఎక్కువ గ్రీజు, దుమ్ము చేరిన గ్రీజు ఎన్నో బేరింగులను వేడెక్కించి చంపుతాయి.

మీ అవగాహనను సరిచూసుకోండి: ఒక ఎన్‌డీటీ టెక్నీషియన్ ‘నాకు ఎస్ఎన్‌టీ-టీసీ-1ఏ లెవెల్ 2 ఉంది’ అని కొత్త కంపెనీలో చెప్పారు. ఆ కంపెనీ క్వాలిటీ అధికారి ముందుగా ఏయే కాగితాలు అడగాలి? మీ జవాబును నాలుగు వాక్యాల్లో రాసి, ఆ తరవాతే ముందుకు సాగండి.

సీఎంఆర్‌టీ, సీఎంఆర్‌పీ, సీఆర్‌ఈ: ఒకే పంపు, మూడు ప్రశ్నలు

చివరగా విశ్వసనీయత ఇంజనీరు. ఇక్కడ పరికరం మీద పట్టు కన్నా నిర్ణయం మీద పట్టును పరీక్షిస్తారు. బాగా వినిపించే పేర్లు మూడు.

అమెరికాలో 1992లో ఏర్పడిన మెయింటెనెన్స్, విశ్వసనీయత వృత్తి నిపుణుల సంఘం, ఎస్ఎంఆర్‌పీ, ఇచ్చే ధ్రువపత్రాల్లో ఇక్కడ చూసేవి రెండు. సీఎంఆర్‌టీ టెక్నీషియన్లకు. సీఎంఆర్‌పీ ఇంజనీర్లకు, ప్లానర్లకు, మేనేజర్లకు. సీఎంఆర్‌పీ పరీక్ష అయిదు స్తంభాల మీద నిలుస్తుంది: వ్యాపారం-యాజమాన్యం, తయారీ ప్రక్రియ విశ్వసనీయత, పరికరాల విశ్వసనీయత, సంస్థ-నాయకత్వం, పనుల నిర్వహణ. 110 ప్రశ్నలు, రెండున్నర గంటలు. రాయడానికి నిర్ణీత డిగ్రీ గానీ ఇన్నేళ్ల అనుభవం గానీ ఉండాలన్న నియమం లేదు. మూడేళ్లకోసారి, ఆ లోపు 50 గంటల నిరంతర అభ్యసనం చూపించి పునరుద్ధరించుకోవాలి.

మూడోది అమెరికా నాణ్యతా సంఘం, ఏఎస్‌క్యూ, ఇచ్చే సీఆర్‌ఈ, అంటే ధ్రువీకృత విశ్వసనీయత ఇంజనీరు. దీని తలుపు దగ్గరే కాపలా ఉంది. సంబంధిత రంగంలో 8 ఏళ్ల అనుభవం కావాలి. అందులో కనీసం 3 ఏళ్లు నిర్ణయాలు తీసుకునే స్థానంలో గడపాలి. బ్యాచిలర్ డిగ్రీ ఉంటే ఆ ఎనిమిదిలో 4 ఏళ్లు, మాస్టర్స్ లేదా డాక్టరేట్ ఉంటే 5 ఏళ్లు తగ్గిస్తారు. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. అది విని సంతోషించకండి. సంభావ్యత, గణాంకాలు రానివారికి పుస్తకంలో ఏ పేజీ తెరవాలో కూడా తెలియదు.

మూడింటి స్వభావం మన పంపుతోనే తెలుస్తుంది. పంపు ఏడాదిలో 6,000 గంటలు నడిచింది, 3 సార్లు చెడి ఆగింది, మరమ్మతులకు మొత్తం 60 గంటలు పట్టింది అనుకుందాం. రెండు వైఫల్యాల మధ్య సగటు కాలం 6,000ను 3తో భాగిస్తే 2,000 గంటలు. సగటు మరమ్మతు కాలం 20 గంటలు. అందుబాటు 2,000ను 2,020తో భాగిస్తే సుమారు 99 శాతం.

సీఎంఆర్‌టీ తరహా ప్రశ్న ఇలా ఉంటుంది: బేరింగు వేడిగా ఉంది, అక్షం దిశలో ప్రకంపన ఎక్కువగా ఉంది, ముందు ఏం చూస్తారు? అలైన్‌మెంట్ చూడాలి. సీఎంఆర్‌పీ తరహా ప్రశ్న: 99 శాతం అందుబాటు బాగానే కనిపిస్తున్నా, మూడు ఆగుళ్లూ అనుకోకుండా వచ్చినవే అయితే, దీన్ని మీ వర్క్ ఆర్డర్లలో ఏ ప్రాధాన్యంలో పెడతారు, ఉత్పత్తి విభాగాన్ని ఎలా ఒప్పిస్తారు? సీఆర్‌ఈ తరహా ప్రశ్న: ఈ వైఫల్యాలు ఏ జాతివి? వైబుల్ విభాజనంలో ఆకార పరామితి 1 కన్నా తక్కువైతే లోపాలు కొత్తలోనే వస్తున్నాయి. అప్పుడు బేరింగును ముందుగా మార్చడం అంటే ప్రమాదాన్ని మళ్లీ మొదటికి తెచ్చుకోవడమే. 1 అయితే వైఫల్యం యాదృచ్ఛికం, తేదీ ప్రకారం మార్చి లాభం లేదు. 1 కన్నా ఎక్కువైతే అరుగుదల, అప్పుడు నిర్ణీత కాలానికి మార్చడానికి అర్థం ఉంది. అయితే మూడే మూడు వైఫల్యాలతో ఆ పరామితిని నమ్మకంగా తేల్చలేం. సీఆర్‌ఈ చదివినవారు అన్నిటికన్నా ముందు ఆ మాట చెప్పాలి.

ఈ మూడింటిలో ఏది ‘పెద్దది’ అని నన్ను చాలామంది అడిగారు. ప్రశ్నే సరైనది కాదు. సీఎంఆర్‌పీ వెడల్పు, సీఆర్‌ఈ లోతు. ప్లాంటు మెయింటెనెన్స్‌లో ఉన్నవారికి సీఎంఆర్‌పీ పాఠ్యాంశం రోజువారీ పనికి దగ్గరగా ఉంటుంది. ఉత్పత్తి రూపకల్పన, పరీక్షలు, వారంటీ లెక్కలు చూసేవారికి సీఆర్‌ఈ దగ్గర. అనుభవం అడగని పరీక్ష కనుక సీఎంఆర్‌పీని చదువు ముగిసిన ఏడాదే రాసేయవచ్చు. కానీ ఒక్క షట్‌డౌన్ కూడా చూడని వ్యక్తి రెజ్యూమెలో ఆ అక్షరాలు కనిపిస్తే ఇంటర్వ్యూలో కూర్చున్న పాత ఇంజనీరు అడిగే మొదటి ప్రశ్న అక్కడినుంచే వస్తుంది. రెండు మూడేళ్లు పనిచేసి రాయండని నా సలహా.

హాజరుకు ఇచ్చే కాగితాలు

బల్ల మీద ఇంకా మిగిలినవి కోర్సుకు హాజరైనట్లు, పూర్తిచేసినట్లు ఇచ్చేవి. యంత్రం అమ్మిన కంపెనీ ఇచ్చిన మూడు రోజుల శిక్షణ, ఆన్‌లైన్ కోర్సు, సెమినార్. ఇవి జ్ఞానానికి మంచివి. బేరింగు తయారీదారు స్వయంగా నేర్పిన బిగింపు పద్ధతికి సాటి పాఠ్యపుస్తకంలో దొరకదు. కానీ ఇవి ధ్రువీకరణలు కావు. రెజ్యూమెలో వీటిని ‘శిక్షణలు’ అనే శీర్షిక కింద రాయండి, ‘ధ్రువపత్రాలు’ కింద రాయవద్దు. చదివేవారికి మీరు తేడా తెలిసిన మనిషి అని అక్కడే అర్థమవుతుంది.

మీరున్న చోటు నుంచి

మీరు ఫిట్టర్‌గానో మెకానిక్‌గానో పనిచేస్తూ ఈ డిగ్రీ చదువుతుంటే, ముందు ట్రేడ్ సర్టిఫికెట్, అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ పూర్తిగా చేతికి వచ్చాయో లేదో చూసుకోండి. పరీక్ష పాసై కూడా పత్రం తెచ్చుకోనివారు ఎందరో. ఆ తరవాత మీ ప్లాంటులో ఏ యంత్రాలున్నాయో దాన్నిబట్టి వైబ్రేషన్ మొదటి తరగతి లేదా కందెనల మొదటి స్థాయి. ఇవి యంత్రం పక్కన నిలబడేవారి కోసమే రూపొందినవి. ఎన్‌డీటీలో ఉన్నవారు ఎక్కువగా కంపెనీలు మారుతుంటే, యజమానితో ముడిపడని ధ్రువీకరణ మీద ఖర్చుపెట్టడం మేలు. ఒకే పెద్ద సంస్థలో స్థిరపడితే ఆ సంస్థ లిఖిత విధానమే చాలు. బాయిలర్ విభాగం వారికి నా మాట ఇంతకు ముందే చెప్పాను.

ఖర్చు లెక్కలో చాలామంది మరచేది పునరుద్ధరణ. విదేశీ ధ్రువపత్రాల ఫీజులు డాలర్లలో ఉంటాయి, మూడేళ్లకోసారి మళ్లీ వస్తాయి. ఫీజు కంపెనీ భరిస్తానంటే సంతోషం. కానీ బదులుగా ఇన్నేళ్లు ఇక్కడే పనిచేస్తానని బాండు అడుగుతారేమో చదివి సంతకం చేయండి. ఏ ధ్రువపత్రమైనా ఇచ్చిన సంస్థ సైటులో దాని సంఖ్యతో సరిచూసే వీలుందో లేదో ఫీజు కట్టక ముందే కనుక్కోండి. కాగితం మీదున్న సంస్థ పేరు, గుర్తింపు ఇచ్చినవారి పేరు, ప్రమాణం సంఖ్య, గడువు తేదీ, ఈ నాలుగింటిలో ఏది కనిపించకపోయినా ఎందుకు లేదని అడగండి. గడువు తేదీ లేని ‘అంతర్జాతీయ ధ్రువీకరణ’ అని చెబితే ఇంకా గట్టిగా అడగండి.

అభ్యాస ప్రశ్నలు

1. పాఠం మొదట్లో బల్ల మీద పరచిన మీ కాగితాలను లైసెన్సు, విద్యార్హత, యజమాని ధ్రువీకరణ, బయటి సంస్థ ధ్రువీకరణ, శిక్షణ హాజరు అనే వరసలో విడదీయండి. ఒక్కొక్కటి ఏం జరిగితే చెల్లకుండా పోతుందో పక్కన రాయండి.

2. ఒక పంపు 4,500 గంటలు నడిచి 5 సార్లు ఆగింది, మరమ్మతుకు మొత్తం 100 గంటలు పట్టింది. వైఫల్యాల మధ్య సగటు కాలం, సగటు మరమ్మతు కాలం, అందుబాటు లెక్కించండి. ఆ అంకెలు చూసి సీఎంఆర్‌పీ ఉన్నవారు, సీఆర్‌ఈ ఉన్నవారు అడిగే తరవాతి ప్రశ్న ఒక్కొక్కటి రాయండి.

3. మీ ఊరిలో లేదా దగ్గరి పట్టణంలో కనిపించిన ఒక శిక్షణ ప్రకటనను తీసుకోండి. ఆ కోర్సు చివర ఇచ్చే కాగితం పై అయిదింటిలో ఏ రకమో ప్రకటన ఆధారంగానే తేల్చగలిగారా? తేల్చలేకపోతే, ఆ కేంద్రానికి వెళ్లి అడగవలసిన ప్రశ్నలు రాయండి.